తలమందు

2094లో బట్టతల చూడాలంటే విశాఖపట్నం మ్యూజియానికి వెళ్ళాల్సిందే. మైనపు బొమ్మల గదిలో, పాతకాలపు బస్ కండక్టర్ పక్కన, నున్నటి తలతో ఒక పెద్దమనిషి కూర్చుని ఉంటాడు. పిల్లలు ఆయన నెత్తి నిమిరి నవ్వుకుంటూ పోతారు. బయట ఊళ్ళో ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళు కూడా పాపిడి తీసి దువ్వుకుంటారు. అదంతా తలమందు చలవ.

శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు శిరోద్రవం. జనం నోట అది తలమందు అయింది. రోజూ నాలుగు చుక్కలు మాడుకి రాసుకుంటే, కుదుళ్ళలో నిద్రపోయిన కణాలను తట్టి లేపుతుంది. మానేస్తే జుట్టు మళ్ళీ రాలిపోతుందని అందరికీ తెలుసు. అందుకే మొదలుపెట్టినవాళ్ళెవరూ మానరు.

ఆ ఏడు వేసవిలో ఒక గాయకుడు కచేరీ మధ్యలో గుండె ఆగి చనిపోయాడు. ఆయన కుర్రతనం నుంచీ తలమందు వాడేవాడని ఎవరో అన్నారు. అంతే, ఊరూరా అదే మాట. అనుమానం మరీ పస లేనిదేమీ కాదు. చర్మం మీద రాసిన మందు కొంచెం రక్తంలోకి దిగుతుంది. ఆ కొంచెం ఒక రోజులో ఏమీ చెయ్యదు. మరి జీవితమంతా రాసుకుంటే? అమ్మకానికి వదిలే ముందు చేసిన పరీక్షలు ఏడాదో రెండేళ్ళో నడిచాయి. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

తేల్చే పని భీమిలి ఒడ్డున ఉన్న ఔషధ భద్రతా కేంద్రం మీద పడింది. దాని అధిపతి డాక్టర్ నీలవేణి. ఆమె చేతిలో అందుకు తగిన సాధనం ఉంది. అది ఆమె కనిపెట్టిందే. పేరు ప్రతిదేహం. ఇంగ్లీషులో డిజిటల్ ట్విన్ అంటారు. బుగ్గ లోపలి నుంచి ఒక్క కణం తీసి ఇస్తే చాలు, ఆ మనిషి గుండెను, మూత్రపిండాలను, మాడు మీది ఒక్కో కుదురును యంత్రం తన లోపల అల్లుకుంటుంది. అక్కడ కాలం పరుగెడుతుంది. నలభై ఏళ్ళ జీవితం ఒక్క పూటలో గడిచిపోతుంది. ప్రతి మనిషికీ రెండు దేహాలు: ఒకటి మందు రాసుకుని ముసలిదవుతుంది, రెండోది రాసుకోకుండా. యంత్రానికి మాట వచ్చు. దాన్ని ఛాయ అని పిలుస్తారు.

వేలమంది ముందుకు వచ్చారు. అందరికంటే ముందు నీలవేణి తన కణం ఇచ్చింది.

"మీరొద్దు మేడమ్," అన్నాడు గణాంకాలు చూసే తవిటినాయుడు. "మీకే ఏటైనా తేడాగా వస్తే మేం ఎవరితో చెప్పుకోవాలి?"

"ఇరవై ఆరో ఏట నుంచీ రాస్తున్నాను నాయుడు గారూ. నన్ను వదిలేసి ఇంకెవర్ని పరీక్షిస్తారు?"

నవ్వుతూనే అంది కానీ తేలిగ్గా అన్న మాట కాదది. ఆ వయసులో ఆమెకు డెంగీ వచ్చింది. జ్వరం తగ్గాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. పేరేమో నీలవేణి, నెత్తి చూస్తే అలా ఉంది అని చుట్టాలు చాటుగా నవ్వుకున్నారు. ఎండాకాలంలో కూడా తలకి గుడ్డ కట్టుకునే బయటికి వెళ్ళేది. తలమందు మొదలుపెట్టిన కొన్నాళ్ళకు మళ్ళీ జడ వచ్చింది. ఆ మందంటే ఆమెకు ఆపదలో ఆదుకున్న మనిషి మీద ఉండేంత అభిమానం. అదే తన గుండెను తొలిచేస్తోందని తేలితే, దాన్ని ఆపించాల్సింది కూడా తనే.

ఫలితం వచ్చిన రోజున ఛాయ గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది.

"రెండు రకాల దేహాల్లోనూ గుండె, రక్తనాళాలు, మూత్రపిండాలు ఒకేలా ఉన్నాయి డాక్టర్ గారూ. మందు రాసిన కొందరికి మాడు దురద, పొట్టు రాలడం. అంతకు మించి హాని లేదు. జీవితాంతం వాడుకోవచ్చు."

నీలవేణి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. తవిటినాయుడు టీ చెప్పడానికి లేచి వెళ్ళాడు.

"ఇంకొక సంగతి," అంది ఛాయ. "మందు రాయని దేహాల్లో మూడో వంతుకి జుట్టు ఒత్తుగానే ఉంది. వీళ్ళకి జ్వరం వల్లనో, కాన్పు వల్లనో, దిగులు వల్లనో రాలింది. అలా రాలిన జుట్టు దానంతటదే తిరిగి వస్తుంది. వీళ్ళకి మందుతో పని లేదు."

"అందులో నేనున్నానా?"

"ఉన్నారు."

తెర మీద ఇద్దరు ముసలి నీలవేణులు పక్కపక్కనే కనిపించారు. ఇద్దరికీ అదే నెరిసిన జడ. ఎవరు రాసుకున్నదో, ఎవరు రాసుకోనిదో ఆమె పోల్చుకోలేకపోయింది. నవ్వు వచ్చింది. ఆగలేదు.

"తేడా వచ్చిందా మేడమ్?" టీతో వచ్చిన తవిటినాయుడు కంగారుపడ్డాడు.

"తేడా ఏమీ రాలేదు నాయుడు గారూ. అందుకే నవ్వుతున్నాను."

ఆ వారంలోనే ఆమె రెండు నిజాలూ ప్రకటించింది. భయం పోయింది. తమకి మందు అవసరమో కాదో తెలుసుకోవడానికి జనం పండక్కి వచ్చినట్టు కేంద్రానికి వచ్చారు. అవసరం లేదని తేలినవాళ్ళు చేతులు జోడించి, సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారు. నీలవేణికి కూడా మనసు తేలికపడింది.

వానలు మొదలయ్యేసరికి ఫోన్లు మళ్ళీ మోగసాగాయి.

"తలమందు అమ్మకం ఏమాత్రం తగ్గలేదండి," అన్నాడు తవిటినాయుడు. "ఒక్కరూ మానలేదు. మందు సురక్షితమేనా అని ఇప్పుడెవరూ అడగట్లేదు. ఇన్నేళ్ళు రాసి ఒక్కసారిగా మానెయ్యడం సురక్షితమేనా అని అడుగుతున్నారు."

"రాయని దేహాల ఫలితాలు నా దగ్గర ఉన్నాయి," అంది ఛాయ. "వాటిని బట్టి చూస్తే—"

"రాయకపోవడం వేరు, రాసి మానడం వేరు," అంది నీలవేణి చప్పున. ఆ తొందర చూసి తవిటినాయుడు తలెత్తాడు. "పరీక్ష పెట్టాల్సిందే. మొదటి కణం నాదే తీసుకోండి."

"అందాకా జనానికి ఏం చెప్పమంటారు?"

"ఎవరూ తొందరపడి మానొద్దని చెప్పండి."

"మధ్యాహ్నానికల్లా ఫలితం ఇస్తాను డాక్టర్ గారూ," అంది ఛాయ.

నీలవేణి జడను ముందుకు వేసుకుని, చివర ఊడిన రబ్బరు బ్యాండు మళ్ళీ బిగించింది.

"తొందరేమీ లేదు ఛాయా. నిదానంగా చూడు."