మూలలు కత్తిరించిన హోల్డర్

గవర్నర్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ పైమేడ మీదున్న డిటెక్టివ్ హేమసుందర్ ఆఫీసుకి జనం మామూలుగా భయపడుతూ వస్తారు. సుధామణి కోపంగా వచ్చింది. చేతిలోని రేకు పెట్టెను బల్ల మీద ఠంగున పెట్టి, కూర్చోమనకముందే కుర్చీ లాక్కుంది.

"ఏవండీ, చచ్చిపోయిన మనిషి మీద దొంగ అని ముద్ర వేస్తే కేసు పెట్టొచ్చా?"

"ముందు మంచినీళ్ళు తాగండి. తర్వాత ముద్ర ఎవరు వేశారో చెప్పండి," అన్నాడు హేమసుందర్. అతని అసిస్టెంటు రుచిత గ్లాసు అందించి, పెన్ను తీసింది. లా చదివి, నల్లకోటు వేసుకోకుండా ఈయన దగ్గర చేరినందుకు ఇంట్లోవాళ్ళు ఇంకా సణుగుతూనే ఉన్నారు. ఆమెకి మాత్రం ఈయన బుర్ర పనిచేసే తీరు చూడటమే ఒక వినోదం.

సుధామణి బస్టాండులో ఆర్టీసీ రిజర్వేషన్ క్లర్కు. రోజూ మంగళగిరి నుంచి వస్తుంది. తండ్రి బసవపున్నయ్య ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. కిందటేడు, తొంభై ఎనిమిది వేసవిలో పోయాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, తప్పు నాణేలు. టంకశాలలో యంత్రం పొరపడితే అంకె పక్కకి జరిగిన రూపాయో, అంచు తెగిన అర్ధరూపాయో బయటికి వచ్చేస్తుంది. అలాంటివి వెతికి పట్టుకోవడమే ఆయన పని.

"వాటిలో రాజు ఒకటుందండీ. రెండువైపులా సింహాలున్న రూపాయి. ఒకవైపు మామూలుగా ఉబ్బెత్తుగా ఉంటాయి. రెండోవైపు అవే సింహాలు అద్దంలోలాగా తిరగబడి, లోపలికి దిగి ఉంటాయి. నాణేల సంఘం వాళ్ళు ఎగ్జిబిషన్‌కి అడిగితే పెట్టె మొత్తం ఇచ్చాను. ప్రెసిడెంటు రామకోటేశ్వరరావు గారు అందరి ముందూ ఆ నాణెం భూతద్దంలో చూసి, మామూలు రూపాయి వెనకవైపు అరగదీసి సింహాల అచ్చు నొక్కిన దొంగసరుకని తనే ఉంచేసుకున్నారు. మా నాన్న ఇన్నేళ్ళూ అందర్నీ మోసం చేశాడట! ఆదివారం లోపల నేను క్షమాపణ రాసివ్వకపోతే, సంఘంలోంచి నాన్న పేరు కొట్టేస్తారట."

"మీరేమన్నారు?"

"రాయనన్నాను. పెన్ను కూడా వాళ్ళ మొహాన్నే పడేశాను."

హేమసుందర్ మీసంలో నవ్వుకున్నాడు. పెట్టెలోంచి నాణెం దాచే హోల్డర్ ఒకటి తీశాడు. దళసరి కార్డును తెల్లవైపు పైకి వచ్చేలా రెండుగా మడిచి, మధ్యలో గుండ్రంగా కోసి, కడిగి తేటబరిచిన ఎక్స్‌రే ఫిల్ముతో కిటికీ పెట్టారు. అంచులకి జిగురు రాసి, ఆపైన ఆస్పత్రిలో కుట్లు వేసే నల్లదారంతో కుట్టారు. పైన చిన్న చీటీ మీద నాణెం వివరం.

"మీ నాన్నగారే చేసుకునేవారా?"

"అన్నీనూ. అమ్మకి ఈ పెట్టంటేనే గిట్టేది కాదు. ఇంట్లోకి రానివ్వక వసారాలోనే ఉంచేది. నాన్న మొండివాడులెండి. జనం ఇంట్లో పెట్టుకోనివన్నీ తెచ్చిపెట్టేవాడు."

"ఒకటి విప్పనా?"

ఆమె తలూపింది. హేమసుందర్ బ్లేడుతో దారం, జిగురు కోసి మడత తెరిచాడు. లోపల నల్ల సిరాతో అచ్చు. ఎవరో స్వర్గస్థులైనట్టూ, పెద్దకర్మకు రావలసిందనీ.

రుచిత ఉలిక్కిపడింది. "అమ్మో! ఇలాంటి కార్డులు చదివిన వెంటనే చించెయ్యాలి కదండీ!"

"అందరూ చించేస్తారనే నాన్న అడిగి తెచ్చుకునేవాడు," అంది సుధామణి. "మనిషి పోయినా మంచి అట్ట పోకూడదు అనేవాడు. ఈ సంగతి బయటివాళ్ళకి తెలీదు. చెబితే ఎవరైనా ముట్టుకుంటారా?"

విప్పిన కార్డు పెట్టెలో పెడుతుంటే, అడుగున వాడని కార్డులు కొన్ని కనిపించాయి. హేమసుందర్ వాటిని అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

సూర్యారావుపేటలో రామకోటేశ్వరరావు ఇల్లు. రిటైరైన లెక్చరరు. గొంతు మాత్రం రిటైరవలేదు.

"చేతివ్రాత బసవపున్నయ్యది. ఎక్స్‌రే ఫిల్ము అతనిది. కుట్టు అతనిది. కూతురు కూడా కాదనలేకపోయింది. అతని హోల్డర్లో దొంగనాణెం ఉంటే, పెట్టింది ఎవరంటారు?"

"అందుకే చూద్దామని వచ్చాను," అన్నాడు హేమసుందర్.

ప్రెసిడెంటు బీరువా తాళం తీసి, ఆ హోల్డర్ చూపించాడు. విప్పడానికి వీల్లేదు, అది సాక్ష్యం అన్నాడు. హేమసుందర్ నాణెం వంక చూడనే లేదు. హోల్డర్ అంచులు వేలితో తడిమి రుచితకి ఇచ్చాడు. ఆమెకి ఒకటే తేడా తోచింది. పెట్టెలోని హోల్డర్లన్నిటి మూలలూ మొనతేలి ఉన్నాయి. దీని మూలలు మాత్రం కత్తెరతో గుండ్రంగా కత్తిరించారు.

"పెట్టె మీ దగ్గరికి రాకముందు ఎవరి దగ్గరుంది?"

"సెక్రటరీ సూర్యప్రకాష్ వివరాలు రాయడానికి ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కణ్ణించి జక్కయ్య కొట్టుకి. అద్దాల పెట్టెలు అతనివే."

వెళ్ళేముందు హేమసుందర్ తన ఫోన్ నంబరు ఒక కార్డు వెనక రాసిచ్చాడు. రామకోటేశ్వరరావు దాన్ని తిప్పి చూసి, "పెద్దకర్మ కార్డా? కాగితానికేం అంటు!" అని చదువుతున్న పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాడు.

వన్‌టౌన్‌లో పాతనాణేల వ్యాపారి జక్కయ్య మాట తడుముకోలేదు. "ఆ రూపాయి నాకమ్మమని బసవపున్నయ్య గారి కాళ్ళావేళ్ళా పడ్డానండీ. ఇచ్చాడా? ఇవ్వలా. నా కొట్టుకొచ్చిన పెట్టె నేను తెరవనే లేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు." నంబరు రాసిన కార్డును అటూ ఇటూ చూడకుండానే చొక్కా జేబులో తోసేశాడు.

భవానీపురంలో సూర్యప్రకాష్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఫోటో స్టూడియో ఉన్న మనిషి, మర్యాదస్తుడు.

"పాపం సార్, ఆ అమ్మాయిని చూస్తే జాలేస్తోంది. బసవపున్నయ్య గారు ఇలాంటివారని నేనూ అనుకోలేదు. నేను చీటీలు చూసి వివరాలు రాసుకున్నానంతే."

"హోల్డర్లు దేంతో చేశారో గమనించారా?"

"శుభలేఖలతో కదా సార్. ఆ దళసరి చూస్తే తెలిసిపోతుంది."

హేమసుందర్ నంబరు రాసిచ్చాడు. సూర్యప్రకాష్ కార్డు తిప్పి, నల్ల అక్షరాలు చూడగానే మొహం చిట్లించాడు. "ఒక్క నిమిషం సార్," అని లోపలికెళ్ళి ఇంకో కార్డు తెచ్చుకుని, నంబరు దాని వెనక ఎక్కించుకున్నాడు. మొదటిదాన్ని నాలుగు ముక్కలు చేసి గేటు అవతల పారేసి, పంపు కింద చేతులు కడుక్కున్నాడు. "ఏమనుకోకండి. మా ఇంట్లో ఇవి గడప దాటనివ్వం."

"అయ్యో, తప్పు నాది. మరి ఇదేం కార్డు?"

"మా అమ్మాయి పెళ్ళిది సార్, మొన్న మాఘంలో. చాలా మిగిలిపోయాయి. పారేయడానికి మనసొప్పక ఇలా వాడుతున్నాం." ఆ కార్డు మూలల్లో పసుపు మెరిసింది.

ఆటో ఎక్కాక రుచిత ఆగలేకపోయింది. "ఆయనేనా?"

"ఇంట్లో చావుకార్డు ఉంచుకోనివాళ్ళు ఊళ్ళో సగానికి పైనే ఉంటారు. మీరు కూడా ఉలిక్కిపడ్డారు. అంతమాత్రాన దొంగలవుతారా? హోల్డర్ విప్పాలి. అదీ అందరి ముందు."

ఆదివారం ఉదయం మంగళగిరిలో సుధామణి ఇంటి వసారాలో, హేమసుందర్ పిలిస్తే వచ్చిన ప్రెసిడెంటు, సూర్యప్రకాష్, జక్కయ్య ముగ్గురూ కూర్చున్నారు. ప్రెసిడెంటు ఆ హోల్డర్‌నీ, క్షమాపణ కాగితాన్నీ వెంట తెచ్చాడు. సుధామణి తల్లి మాణిక్యమ్మ గుమ్మం లోపలే నిలబడింది.

"సంతకం పెట్టేస్తే గొడవ వదిలిపోతుందమ్మా," అన్నాడు సూర్యప్రకాష్ మెల్లగా.

"నా చెయ్యి విరిగినా పెట్టను," అంది సుధామణి.

హేమసుందర్ లేచాడు. "మీరంతా నాణెం చూశారు. హోల్డర్‌ని ఎవరూ చూడలేదు. చీటీ బసవపున్నయ్య గారిదే. ఆవిరి పట్టి ఊడదీస్తే చీటీ ఏ హోల్డర్ మీదికైనా మారుతుంది. ఆయన అంచులు అంటించి కుట్టేవారు. దొంగ మడత విప్పకుండా కిటికీ ఫిల్మునే కోసి నాణెం తీశాడు, కాబట్టి లోపలేముందో చూడలేదు; కోసిన ఫిల్ము మళ్ళీ అతకదు. అందుకని దొంగ కొత్త హోల్డర్ చేశాడు. ఆస్పత్రి దారం, పాత ఎక్స్‌రే ఫిల్ము ఎక్కడైనా దొరుకుతాయి. పొరపడింది అట్ట దగ్గర."

పెట్టెలోంచి వాళ్ళకు తోచిన హోల్డర్లు తీయమన్నాడు. వాటిని వరసగా విప్పాడు. అన్నిటిలోనూ నల్లటి అచ్చే. పెద్దకర్మలే. సూర్యప్రకాష్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"బసవపున్నయ్య గారు ఒక్క శుభలేఖ కూడా వాడలేదు. ఇక దీని సంగతి. మూలలు ఎందుకు కత్తిరించారు? అక్కడ చెరిపేయాల్సిందేదో ఉంది. మన ఇళ్ళలో ఏ కార్డుకి నాలుగు మూలలా రంగు ఉంటుంది?"

"పసుపు," అంది గుమ్మంలోంచి మాణిక్యమ్మ.

"ప్రెసిడెంటు గారూ, ఇప్పుడు మీ చేత్తోనే విప్పండి."

రామకోటేశ్వరరావు దారం తెంపి, జిగురు విడదీశాడు. ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. మధ్యలో కోసేసిన చోటు పోగా మిగిలిన ముక్కలు ఆయన పైకి చదివాడు. "...కుమార్తె... మాఘమాసం... 1999..." ఆపైన గొంతు తగ్గింది. "...సూర్యప్రకాష్ దంపతులు."

"ఆ పెళ్ళికి ముందు వేసవిలోనే ఆయన పోయారు," అన్నాడు హేమసుందర్. "చనిపోయిన మనిషి మీ అమ్మాయి శుభలేఖతో హోల్డర్ ఎలా కుట్టాడు, సూర్యప్రకాష్ గారూ?"

సూర్యప్రకాష్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "అద్దం వెనక ఉంటుంది, ఎవరూ బయటికి తీయరనుకున్నాను సార్. ఈయన భూతద్దం పడతారని కలగన్నానా? బయటపడ్డాక... పోయినవాళ్ళు కదా, వాళ్ళకేం నష్టమని ఊరుకున్నాను. నాణెం ఎక్కడికీ పోలేదు. మా పూజగదిలో, కుంకుమ భరిణెలో ఉంది."

చింపేసిన కార్డు సంగతి రుచిత ద్వారా విన్న సుధామణి ఒక్కసారిగా లేచింది. "మా నాన్న కార్డుకి మీ గడప దాటే యోగ్యత లేదు గానీ, మా నాన్న దగ్గర కొట్టేసిన సొత్తుకి మీ దేవుడి పక్కన చోటుందా!"

జక్కయ్య అతన్ని వెంటబెట్టుకుని భవానీపురం వెళ్ళి భరిణెతో సహా తిరిగొచ్చాడు. ప్రెసిడెంటు ఆ నాణేన్ని భూతద్దం కింద చాలాసేపు చూశాడు. ఇది అసలుదే అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, తప్పు జరిగింది. సంఘం పరువు కూడా ఆలోచించి, ఈ విషయం మన మధ్యనే..."

"కుదరదండీ. నాన్నని దొంగ అన్నది మన మధ్య కాదు, హాలు నిండా జనం ముందు. ఆ హాల్లోనే, ఆ మైకులోనే, మీ నోటితోనే చెప్పాలి. అప్పటిదాకా పోలీస్ స్టేషన్ గుమ్మంలో కూర్చుంటాను."

రామకోటేశ్వరరావు క్షమాపణ కాగితం తీసి నిలువునా చింపాడు. "వచ్చే ఆదివారం చెబుతాను. మీరు ముందు వరసలో కూర్చోండి."

ఆ ముగ్గురూ వెళ్ళాక సుధామణి పెట్టెలోంచి దారం, ఫిల్ము ముక్క తీసుకుంది. నాణేనికి కొత్త హోల్డర్ కావాలి. కార్డు కోసం పెట్టె వెతికింది. ఉన్న కార్డులన్నీ హేమసుందర్ తీసుకెళ్ళాడు. అతను ఇబ్బందిగా జేబులు తడుముకున్నాడు.

మాణిక్యమ్మ లోపలికి వెళ్ళింది. ట్రంకుపెట్టె చప్పుడైంది. తిరిగొచ్చి కూతురి చేతిలో ఒక కార్డు పెట్టింది. నల్ల అక్షరాలు. పైన బసవపున్నయ్య ఫోటో.

"ఊళ్ళోవాళ్ళవన్నీ చించమని ఆయనతో పోట్లాడాను," అంది. "ఇది మాత్రం నావల్ల కాలేదే. ఎవరేమనుకుంటే నాకేం? దీంతోనే కుట్టు."

సుధామణి ఫోటో లోపలికి వచ్చేలా కార్డు మడిచింది. ఫిల్ము కిటికీ అమర్చి, నాణెం పెట్టి కుట్టింది. పైన తండ్రి రాసిన పాత చీటీ అంటించింది. మూలలు ముట్టుకోలేదు.

ఆమె పెట్టెను వసారాలో ఎప్పటి చోట పెట్టబోతుంటే మాణిక్యమ్మ అడ్డొచ్చింది.

"అక్కడెందుకు? లోపలికి తే."