ఐదో నమ్మకం

"మొన్నటిదాకా నోరారా సిస్టర్ అనేవాడివి. ఈ మధ్య 'ఇదుగో' అంటున్నావు. ఏమైంది?"

వాచీలు బాగుచేసే అతను కంటికున్న భూతద్దం తియ్యలేదు. తీస్తే ముఖం బయటపడిపోతుంది.

"గొంతు బాగాలేదు."

"ఆ ఒక్క మాటకే బాగాలేదా? మా మందుల షాపుకి రా, టానిక్ ఇస్తా."

గొడుగులోని నీళ్ళు గుమ్మంలో దులిపి, పాస్టరుగారమ్మాయి తన వాచీ బల్ల మీద పెట్టింది. ఈ వారంలో ఇది మూడోసారి.

"నడుస్తూనే ఉందిగా?"

"నాకు నమ్మకం లేదు. విప్పి చూడు."

ఇద్దరూ చర్చి యువనాయకుల బృందంలో ఉన్నారు. ఆ బృందానికి తొమ్మిది నమ్మకాలు. దేవుని వాక్యమే ప్రమాణమన్నది మొదటిది. మత్తు ముట్టకపోవడం, పెళ్ళిదాకా పవిత్రంగా ఉండడం, తల్లిదండ్రులకు లోబడడం ఆ తర్వాతవి. ఐదోది ఇది: 'తోటి నాయకుల మీద ప్రేమ కలిగితే, దాన్ని దాచుకుని వారితో కలిసి సేవ చేయను.'

ఏటా ఒక ఆదివారం నాయకులు కూర్చున్న వరసలోనే లేచి ఒక్కొక్కటి చదువుతారు. నిజాయితీగా చదవలేనివాళ్ళు కాగితం పక్కవారికిచ్చి కూర్చోవచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. ఆ ఏడు నాయకత్వం మాత్రం పోతుంది.

ఆ ఆదివారం అతను ముందే వచ్చి కూర్చుని కుర్చీలు లెక్కపెట్టాడు. తనది ఐదోది. మూడేళ్ళుగా ఎదురుచూసిన యూత్ క్యాంపు ఈసారి తన చేతిలో పెట్టారు. ఒక్క కుర్చీ జరిగితే ఆరోది వస్తుంది, కష్టపడి పనిచేయడం గురించి. అది కళ్ళు మూసుకుని చదవగలడు. జరగడానికి సగం లేచాడు కూడా. జరగడమూ దాచడమేనని తోచి మళ్ళీ కూర్చున్నాడు. ఆరో కుర్చీలో ఆమె వచ్చి కూర్చుంది.

కాగితం అతని చేతికొచ్చింది. లేచి నిలబడ్డాడు. సిగ్గు ముంచుకొస్తుందని కాచుకున్నాడు. రాలేదు. దాని చోట, చిన్నప్పుడు తప్పు ఒప్పుకున్నాక కలిగే తేలికదనం వచ్చింది. కాగితం ఆమెకిచ్చి కూర్చున్నాడు.

ఆమె దానివైపు చూడనైనా లేదు. లేచి, తిన్నగా వెళ్ళి తండ్రి చేతిలో పెట్టి వచ్చి కూర్చుంది.

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని ఐదో నమ్మకం తనే చదివారు.

"ఇన్నేళ్ళు ఇంతమంది దీన్ని గడగడా చదివేశారు. నిజంగా నమ్మినవాళ్ళని ఇవాళే చూశాను. తండ్రిగానూ గర్వంగా ఉంది. కానీ రూలు రూలే, ఈ ఏడు మీరిద్దరూ నాయకులు కారు. క్యాంపు వంటగదిలో ఇద్దరు తక్కువయ్యారు, అక్కడ చేరండి." అతనివైపు తిరిగారు. "బాబూ, సాయంత్రం మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకురా."

బయట మెట్ల మీద వాన పడుతోంది. ఆమె గొడుగు విప్పి అతనివైపు కొంచెం వంచింది.

"ఇక నన్నేమని పిలుస్తావు?"

"సాయంత్రం మీ నాన్నగారిని అడిగి చెప్తా."

"నా వాచీ ఎప్పుడూ ఆగలేదు, తెలుసా?"

"తెలుసు. తెలిసే మూడుసార్లు విప్పాను."

క్యాంపులో నాయకుడి విజిల్ ఇంకొకడు ఊదాడు. అతను ఆమె ఎదురుగా, బంగాళాదుంపల బుట్ట ముందు, మెడలో పతకం వేసినవాడిలా తలెత్తుకుని కూర్చున్నాడు.