తొమ్మిదో రూల్

పెద్దాయన ఫోటోను బల్ల మీద ముందుకు జరిపాడు. డిపార్ట్‌మెంట్ చీఫ్‌ను అందరూ అలాగే పిలుస్తారు.

"సైఫర్ సెక్షన్ గుమాస్తా. ఇవాళ మూడింటికి కోడ్‌బుక్ అవతలి దేశం వాళ్ళకి అప్పగిస్తున్నాడు. డ్రై క్లీనింగ్ షాపులో. కవరు చెయ్యి మారేటప్పుడు ఇద్దర్నీ పట్టుకో."

"ఎంతకి అమ్ముడుపోయాడు సార్?" అడిగాడు ఏజెంట్ పదిహేడు.

"అమ్ముడుపోలేదు, చిక్కాడు. ఇంకో మగాడితో కలిసి ఉంటున్నాడు. ఫోటోలు వాళ్ళకి దొరికాయి. బయటపడితే తొమ్మిదో రూల్ కింద అదే రోజు ఉద్యోగం ఊడుతుంది."

తొమ్మిదో రూల్ సంగతి పదిహేడుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎవరితో ఉంటున్నారు, ఎవరిని ఇష్టపడుతున్నారు అని ఏటా అందరూ ఫారం నింపాలి. కింద తోటి ఉద్యోగి సాక్షి సంతకం ఉండాలి. అబద్ధాలు పసిగట్టి బతికేవాళ్ళ చేతే ఏడాదికోసారి అబద్ధం రాయించి బీరువాలో దాచే ఆఫీసు అది. ఇంత తెలివితక్కువ పని చెయ్యాలంటే చాలా చదువుకుని ఉండాలి.

ఎనిమిదేళ్ళ క్రితం తన పార్టనర్ ఫారం మీద సంతకం పెట్టాల్సింది పదిహేడే. వైర్‌లెస్‌లో మొనగాడు కాబట్టి ఆ పార్టనర్‌ను రేడియో అనేవారు. పదిహేడు సంతకం పెట్టలేదు. 'ఇతని ఇష్టాలు అనుమానాస్పదం' అని ఒక్క వాక్యం రాశాడు. సాయంత్రానికి రేడియో గుర్తింపు కార్డు లాక్కున్నారు. నెల తిరక్కుండా అతను నదిలో శవమై తేలాడు. గుమ్మడికాయల దొంగ అంటే తనెక్కడ భుజాలు తడుముకుంటాడోనని పదిహేడు ముందే పక్కవాడి భుజం చూపించాడు. అంతకుమించి కారణం లేదు.

రెండున్నరకు పదిహేడు ఇస్త్రీవాడి వేషంలో షాపులో ఉన్నాడు. చొక్కా గుండీలో మైక్, చెవిలో బఠాణీ గింజంత ఇయర్‌పీస్. పైన ఇనుప కడ్డీకి నంబర్లు కట్టిన కోట్లు వరసగా వేలాడుతున్నాయి. ఆవిరి వదిలినప్పుడల్లా వాటి మధ్య ఎవరో నిలబడినట్టే ఉంది. చెవిలో ఎవరో మెల్లగా గొంతు సవరించుకున్నారు. కంట్రోల్ రూమ్‌లో ఆ అలవాటున్న మనిషి పోయి ఎనిమిదేళ్ళయింది. పదిహేడు ఇస్త్రీపెట్టె కింద పెట్టి కోట్ల మధ్యకి తొంగి చూశాడు.

గంట మోగింది. నల్ల కళ్ళజోడు, ఎత్తు మడమల చెప్పులు, షాపంతా కమ్మేసే సెంటు. రెండు దేశాల దగ్గరా జీతం తీసుకునే ముత్యం లోపలికి వచ్చింది.

"నీలం కోటుకి గుండీ ఊడింది."

"దారం ఉంది, సూదే లేదు," అన్నాడు పదిహేడు. కోడ్ సరిపోయింది.

"గుమాస్తాని పట్టుకుంటే పండగ చేసుకోకండి," అందామె గొంతు తగ్గించి. "వాళ్ళ దగ్గర ఏడుగురి ఫోటోలున్నాయి. అందరూ మీ ఆఫీసు వాళ్ళే. వీడు పోతే రేపు ఇంకొకడు కోడ్‌బుక్ పట్టుకొస్తాడు. వాళ్ళ ఆయుధం ఫోటోలు కాదు, మీ రూలు. దాన్ని మీరే సానబెట్టి ఇచ్చారు."

రెండూ యాభై ఎనిమిది. బూడిదరంగు టోపీ పెట్టుకున్నవాడు వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. వెనకే గుమాస్తా వచ్చాడు. సన్నటి మనిషి, ముఖం పాలిపోయి ఉంది. చంకలో మడిచిన కోటు, దాని లోపల కవరు.

పదిహేడు ఆ వేలాడే కోట్ల వెనక్కి నడిచి గుండీ మైక్‌లో అన్నాడు. "సార్, తొమ్మిదో రూల్ రాసింది మీరే. మీ ఒక్క మాటతో పోతుంది. ఇప్పుడే రద్దు చెయ్యండి."

"మతి పోయిందా నీకు? వాణ్ణి పట్టుకో," చెవిలో పెద్దాయన.

"అయితే ముందు నా ఉద్యోగం తీసెయ్యండి. రేడియో ప్రేమించింది నన్ను. నేనూ అతన్నే. భయపడి ఆ వాక్యం రాశాను. ఇంకొకణ్ణి చంపలేను."

ఛానెల్‌లో పన్నెండు మంది వింటున్నారు. అవతల గుమాస్తా కోటు విప్పుతున్నాడు. కవరు అంచు బయటికి కనిపించింది. ఇరవై సెకన్లు. పది.

"ఇయర్‌పీస్ వాడికివ్వు," అన్నాడు పెద్దాయన. ఆ గొంతు ఒక్కసారిగా ముసలిదైపోయింది.

పదిహేడు వెళ్ళి గుమాస్తా చెవికి దాన్ని ఆనించాడు. గుమాస్తా విన్నాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాడు.

"నిజమేనా అన్నా?" అడిగాడు.

"నిజమే తమ్ముడూ. నేను సాక్షి."

టోపీవాడు చెయ్యి చాచాడు. గుమాస్తా కవరును గుండెకి అదుముకుని వెనక్కి జరిగాడు.

"ఫోటోలు మీ ఆఫీసుకి పంపిస్తాను," అన్నాడు టోపీవాడు పళ్ళ సందున.

"పంపండి. ఒకటి పెద్దది కడిగించండి. మా ఇద్దరికీ కలిసి దిగిన మంచి ఫోటో ఒక్కటీ లేదు."

విదేశీ ట్రైనింగ్‌లో ఆ మాటకి జవాబు నేర్పలేదు. టోపీవాడు కోటులోకి చెయ్యి పోనిచ్చేలోపు ముత్యం వాడి మణికట్టు విరిచి పట్టుకుంది. బయట కాపు కాసినవాళ్ళు లోపలికి వచ్చేశారు. సాయంత్రానికి మిగతా ఆరుగురూ వాళ్ళంతట వాళ్ళే పెద్దాయన గది ముందుకొచ్చి నిలబడ్డారు.

మర్నాడు రద్దు ఉత్తర్వు టైపై వచ్చింది. రేడియో పేరు మీద కూడా ఒక కాపీ తీశారు. కవరు మీద ఏ చిరునామా రాయాలో ఎవరికీ తెలియలేదు. పదిహేడుకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

పెద్దాయన కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. "పన్నెండు మంది వింటున్న ఛానెల్‌లో అంత మాట అనేశావు. గూఢచారివై ఉండి రహస్యం దాచుకోవడం రాదా?"

"ఇరవై రెండేళ్ళు మీ ఎదురుగానే దాచాను సార్," అన్నాడు పదిహేడు కళ్ళు తుడుచుకుంటూ. "మీకెప్పుడైనా రిపోర్ట్ వచ్చిందా?"