చెంప మీద బంగారం

సెయింట్ జార్జి పటంలో తల చుట్టూ బంగారం ఎక్కాల్సిన చోటంతా తెల్లగా బోసిపోయి ఉంది. అడుగున వేసిన ఎర్రమట్టి పూతని ఎవరో కత్తితో గీకేశారు. ముఖం మీద మాత్రం ఒక్క గీత లేదు.

ఇన్‌స్పెక్టర్ స్తాంకా గెంచెవా కళ్లద్దాలు సవరించుకుని పటం మీదికి వంగింది. బల్గేరియా కొండల్లో, పొగాకు తోటల మధ్య పెరిగిన మనిషి. తొందరపడదు.

"ఎప్పుడు చూశారు?"

"మూడున్నరకి," అన్నాడు డీన్ జహారి మింకోవ్. "నాలుగింటికి కాలిన్ పిల్లల ముందు బంగారు రేకు అతికించి చూపించాలి. వాణ్ని అడక్కుండానే ఊరంతా పోస్టర్లు వేయించేశాను. హాలు నిండిపోయింది మేడమ్."

"గేటు?"

"మీరు ఫోన్‌లో చెప్పగానే మూయించాను. పిల్లి కూడా దాటలేదు."

బయట మంచు. కిటికీలకి ఇనప ఊచలు. లోపల పొయ్యి ఊపిరాడనివ్వడం లేదు. ఆ ఉక్కలో డీన్, కాలిన్, అతని అసిస్టెంటు నెదెల్యా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

ముగ్గురూ ఈ చిత్రకళాశాలలోనే ఒకే బ్యాచ్. జహారి డీన్ అయ్యాడు. కాలిన్ బాల్తోవ్ పటాలు వియన్నాలోనూ ఏథెన్స్‌లోనూ గోడలెక్కాయి. నెదెల్యా రుసనోవా అప్పట్లో క్లాసు ఫస్టు. ఇప్పుడు కాలిన్ స్టూడియోలో అసిస్టెంటు. కుంచెలు కడుగుతుందని లోకం అనుకుంటుంది.

"ఈ గదికి తాళంచెవులెన్ని?"

"రెండు," కాలిన్ అందుకున్నాడు. "నాది హోటల్లో ఉంది. రెండోది ఈ నెదెల్యా దగ్గర. ఇవాళ నేనీ గడపే తొక్కలేదు మేడమ్. ఇక మీరే చూసుకోండి."

"మీరేమంటారు నెదెల్యా గారూ?"

"పొద్దున వచ్చాను. పని చూసుకుని తాళం వేసి వెళ్లాను."

"ఏం పని?"

నెదెల్యా నేల చూపులు చూసింది.

"ఏం చెబుతుంది? కడుపుమంట," అన్నాడు కాలిన్. "ఫస్టు తనకొచ్చింది, పేరు నాకొచ్చింది. నా బంగారం కూడా కాజేసింది. ఆ చెంప చూడండి, ఇంకా అంటుకునే ఉంది."

నిజమే. ఆమె కుడి చెంప మీద, చెవి పక్కన, సన్నటి పసుపు మెరుపులు.

డీన్ చప్పున తలెత్తి కాలిన్ వైపు వింతగా చూశాడు. స్తాంకా ఆ చూపుని వదల్లేదు.

"డీన్ గారూ, పిల్లలు నేర్చుకునే, ఎర్రమట్టి పూసిన చెక్క పలక ఒకటి తెప్పించండి. కాలిన్ గారూ, హాల్లో చూపించాల్సింది నాకు చూపించండి. ఒక్క రేకు చాలు."

"ఇప్పుడా? మనసేం బాగాలేదు."

"ఒక్కటే. ముందా ఉంగరం తీయండి, రేకుకి తగులుతుందేమో."

ఉంగరం తెల్ల కవర్లో పడింది. పలక వచ్చింది.

కాలిన్ రేకుని వేళ్లతో తీశాడు. అది నలిగి పొడైపోయింది. రెండోదాని మీద పొడి కుంచె పెట్టాడు. రేకు కదల్లేదు. మళ్లీ పెట్టాడు. నుదుట చెమట పట్టింది.

"కుంచె చెంపకి రాసుకో కాలిన్." నెదెల్యా నోట మాట తనకి తెలీకుండానే వచ్చేసింది. "ఊపిరి బిగబట్టు."

"మొదటేడే నేర్పారు కదరా," అన్నాడు డీన్ నెమ్మదిగా. "చెంప జిడ్డు అంటితేనే రేకు కుంచెకి లేస్తుంది. బంగారం పని చేసిన ప్రతివాడి చెంపా మెరుస్తుంది. దాన్ని దొంగతనం అంటావేంట్రా?"

"కడుపుమంటతో వచ్చినవాళ్లు ముందు ముఖం చెక్కేస్తారు," అంది స్తాంకా. "ఇక్కడ ముఖానికేం కాలేదు. బంగారం ఎక్కే చోటే పోయింది. పటం చెడాలని కాదు, నాలుగింటి పని ఆగాలని. ఆ అవసరం ఎవరికి? ఆ పని చేతకానివాడికి."

కవరు దీపం కిందికి జరిపింది. ఉంగరం చెక్కుడు సందుల్లో ఎర్రమట్టి పొడి.

"గడపే తొక్కలేదన్నారు."

కాలిన్ ఆమె వైపు చూడలేదు. నెదెల్యా వైపు తిరిగాడు. "నోరు విప్పావో, నువ్వూ లోపలికే. నా సంతకాలన్నీ ఎవరు పెట్టారో చెప్పనా?"

"నేనే పెట్టాను మేడమ్." నెదెల్యా స్తాంకా వైపు తిరిగింది. "పటాలు నావి, పేరు వీడిది. ఆ పేరు రాసిన చెయ్యి కూడా నాదే. మొదట్లో ఇంటద్దెకని ఒప్పుకున్నాను. ఆ తర్వాత బయటికి దారే లేకపోయింది. నాకూ శిక్ష పడుతుందా?"

"పడొచ్చు. కోర్టు తేల్చాలి. మీ స్టేట్‌మెంట్ మాత్రం కావాలి."

"ఇస్తాను." ఆమె పలకా కుంచే తీసుకుని లేచింది. "పిల్లలు కూర్చుని ఉన్నారు. ముందు ఈ పని అవనివ్వండి."

స్తాంకా తనతో వచ్చిన కానిస్టేబుల్‌ని కాలిన్ పక్కన నిలబెట్టి, స్టేట్‌మెంట్ కాగితాలు పట్టుకుని హాలు గుమ్మం దాకా వెళ్లింది.

నెదెల్యా కుంచె చెంపకి రాసుకుంది. రేకు లేచింది. ఎర్రమట్టి మీద ఒక్కసారి నోటి ఆవిరి ఊదింది. రేకు ముడత లేకుండా వాలిపోయింది.

ముందు వరసలోని అమ్మాయి కాలిన్ పేరున్న పోస్టర్ వైపోసారి, ఆమె వైపోసారి చూసింది.

"మేడమ్, మీ పేరేంటి?"

నెదెల్యా గుమ్మంలో స్తాంకా చేతిలోని కాగితాల వైపు చూసింది. తర్వాత గట్టిగా, ఆ చివర కూర్చున్నవాళ్లకి కూడా వినపడేలా చెప్పింది.

"నెదెల్యా రుసనోవా."