చివరి గదిలో ఊపిరి

ఉత్తర ధ్రువం వైపున్న ఊమియో ఊళ్లో మా కిటికీల కంపెనీ మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. పన్నెండేళ్ల కిందట సిక్స్టెన్ అనే మనిషిని అక్కడే, అందరి సమ్మతితో, ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ సాయంత్రం అతను ఇల్లు చేరలేదు... నదిలో దొరికాడు. అప్పట్నించీ చీకటి పడితే ఆ గదిలో ఎవరో ఊపిరి పీలుస్తారని చెప్పుకుంటారు. చలికాలంలో మాకు మూడింటికే చీకటి.

మేం, ఈ ఉత్తరపు చలిదేశం వాళ్లం, 'ఊ' అనడానికి నోరు కూడా విప్పం. చప్పున ఊపిరి లోపలికి పీలుస్తాం, అంతే. బల్ల చుట్టూ ప్రతి ఒక్కరూ అలా ఊ కొట్టందే ఏ నిర్ణయమూ జరగదని మా కంపెనీ గొప్ప. ఒక్కరు కాదంటే ఆగాల్సిందే. కానీ అనేదెవరు? నలుగురితో నారాయణా.

ఇక చెప్పేది నాకు డిజైన్‌లో పనిచేసే సోల్వేగ్ చెప్పింది. చలికాలంలో ఆ రోజు ఉద్యోగంలోంచి తీసెయ్యాల్సింది ఎవర్ట్‌ని — ఆమెకు పని నేర్పినవాణ్ణి. పింఛనుకి ఇంకా రెండేళ్లుంది.

"నేను కాదంటాను" అంది కాఫీ దగ్గర, నా చెవిలో.

"నిజంగా అంటావా?"

"చూద్దువుగాని."

చీకటి పడ్డాక ఆ చివరి గదిలోనే మేనేజర్ హెన్నింగ్‌తో కలిపి ఏడుగురు కూర్చున్నారు. "ఎవర్ట్ సంగతి తెలిసిందేగా. ఒకసారి బల్ల చుట్టూ అడిగేద్దాం" అన్నాడతను మెత్తగా.

అప్పుడే దీపాలు ఆరిపోయాయి. మనుషులు కదలకపోతే ఆరిపోయే దీపాలవి. ఎవరైనా చెయ్యి ఊపితే చాలు... ఎవరూ ఊపలేదు.

మొదటి కుర్చీ నుంచి ఊపిరి. తర్వాత రెండోది... మూడోది... దగ్గరికొస్తోంది. సోల్వేగ్‌ది ఆరో కుర్చీ. 'కాదు' అనబోయింది — అనలేకపోయింది. పొరపాటున కూడా ఊపిరి పీల్చకూడదని రెండు చేతులతో నోరు మూసుకుంది.

సరిగ్గా ఆమె మెడ పక్కనే — చప్పున, చల్లగా — ఊపిరి.

ఆ తర్వాత ఏడోది. హెన్నింగ్ చెయ్యి ఊపాడు, వెలుగొచ్చింది. "సరే, అందరూ ఒప్పుకున్నట్టే" అని రాసుకున్నాడు.

"నేను... ఒప్పుకోలేదు."

"మేమంతా విన్నాం కదా, సోల్వేగ్" అన్నాడు పక్కనున్న యోరాన్ జాలిగా.

అప్పుడైనా గట్టిగా అనాల్సింది. ఆ విషయంలో నాకు ఆమె మీద ఇప్పటికీ కోపమే. సోమవారానికి ఎవర్ట్ బల్ల ఖాళీ.

వారం తర్వాత ఆమె మిగతా ఆరుగురినీ ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగింది. ఆరుగురూ — చివరికి హెన్నింగ్ కూడా — తల దించుకుని ఒకే మాట చెప్పారట.

"ఆ చీకట్లో నేను నోరు మూసుకునే కూర్చున్నాను, సోల్వేగ్. ఊపిరి కూడా తియ్యలేదు."