లైటు ఆర్పిన గది

దోన్యా బెనీతా ఇంట్లో అద్దెకిచ్చే గదులు నాలుగు. నడుమ రాళ్ళు పరిచిన వాకిలి, వాకిట్లో ఒక కుళాయి, దాని పక్కన బట్టలుతుక్కునే సిమెంటు తొట్టి. మూడు గదులు వీధివైపు ఉండేవి. నాలుగోది వెనకాల, కిటికీ లేనిది. సుక్రే ఊళ్ళో అంతకన్నా చవక గది దొరకదు. నెలకు మూడొందల యాభై బొలివియానోలు. అందులో జుల్మా, యోవానా కలిసి ఉండేవాళ్ళు.

జుల్మా యల్లాగ్వా గనుల ఊరి పిల్ల. నర్సు చదువు రెండో ఏడు. యోవానా మిరప పండే పదీయా నుంచి వచ్చి లా చదువుతోంది. అద్దె చెరిసగం, వంట కలిపి, గ్యాసు బండ ఒక నెల ఒకరిది, మరో నెల ఇంకొకరిది. డబ్బులన్నీ జుల్మా దగ్గరే ఉండేవి. యోవానా చేతిలో పైసా నిలవదని ఇద్దరికీ తెలుసు.

దోన్యా బెనీతాకి ఎనభై దాటాయి. ఒంటరి మనిషి. నల్ల శాలువా, చేతికర్ర, పెద్ద నోరు. "అంతసేపు నీళ్ళు వదులుతారేమే? ఆ కుళాయి మీ తాత వేయించాడా?" అని వాకిట్లో నిలబడి అరిచేది. ఆ సాయంత్రమే వేరుశనగ సూపు గిన్నెడు తెచ్చి గడప మీద పెట్టి, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయేది.

మొదటి ఏడాది సాఫీగానే గడిచింది. రెండో ఏడాది మే నెలలో జుల్మా నాన్న ఊపిరాడక గనిలోకి దిగడం మానేశాడు. ఇంటి నుంచి వచ్చే డబ్బు సగమైంది. అదే సమయానికి ఆసుపత్రి ప్రాక్టికల్స్ మొదలయ్యాయి. తెల్ల యూనిఫాం, తెల్ల బూట్లు, బీపీ మిషను, అన్నీ సొంతంగా కొనుక్కు రమ్మన్నారు. జుల్మా అద్దె డబ్బు తీసి కొనేసింది. వచ్చే నెల సర్దుకోవచ్చులే అనుకుంది. వచ్చే నెల యోవానా ఇచ్చిన సగం కూడా బియ్యానికీ బంగాళాదుంపలకీ పోయింది. జులైలో ఇక దాచలేక నిజం చెప్పేసి ఏడ్చింది.

యోవానా తిట్టలేదు. పకపకా నవ్వింది. "ఏడవకే మొద్దూ! ముసలమ్మ వచ్చినప్పుడల్లా మనం ఇంట్లో లేనట్టే. అంతే."

అదొక ఆటైపోయింది. దోన్యా బెనీతా పగలు అడిగే మనిషి కాదు, పిల్లలు కాలేజీలో ఉంటారని తెలుసు. రాత్రి ఎనిమిదింటికి వచ్చేది. రాళ్ళ మీద కర్ర చప్పుడు వినబడగానే యోవానా ఎగిరి లైటు ఆర్పేది. ఇద్దరూ మంచం మీద దుప్పటి కప్పుకుని ఊపిరి బిగబట్టేవాళ్ళు. మూడుసార్లు తలుపు కొట్టేది. "ఉన్నారని తెలుసే, దొంగముఖాల్లారా," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయేది. కర్ర చప్పుడు దూరమయ్యాక ఇద్దరూ దిండ్లలో ముఖాలు దాచుకుని కడుపు పట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆగస్టులో ఒక మంగళవారం. అక్కడ అది చలికాలం. గాలి రేకుల్ని లేపేస్తోంది, చలి గోడల్లోంచి వస్తోంది. ఆ ఉదయమే క్లాసులో టీచరమ్మ పక్షవాతం గురించి చెప్పింది. మూతి పక్కకి పోవడం, చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం. గంట ఆలస్యమైతే మనిషి దక్కదని చెప్పింది. జుల్మా నోట్సు తిరగేస్తోంది.

కర్ర చప్పుడు.

యోవానా లైటు ఆర్పింది.

చప్పుడు ఎప్పటిలా లేదు. ఒకసారి టక్కుమంటుంది... ఆ తర్వాత ఏదో ఈడ్చినట్టు... మళ్ళీ టక్కు. తలుపు దాకా రావడానికి చాలాసేపు పట్టింది. తలుపు మీద పడింది వేళ్ళ ముణుకులు కాదు, అరచెయ్యి.

"పి...ల్లా... త...ల్లీ..."

యోవానా దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. "తాగిందే! చీచా బాగా పట్టించింది!" అని చెవిలో గుసగుసలాడి, నవ్వు ఆపుకోలేక ఊగిపోయింది.

జుల్మా నవ్వలేదు. ఆ గొంతులో మాట నోటిలోనే ముద్దవుతోంది. అది తాగిన గొంతు కాదు. ఆమెకి తెలుసు. తెలిసిన క్షణమే చెయ్యి గడియ వైపు వెళ్ళింది. యోవానా ఆ చెయ్యి పట్టుకుంది.

"పిచ్చా నీకు? మూడు నెలల బాకీ ఉందే! ఇప్పుడు తీశావో, మన సామాను రాత్రికి రాత్రి వీధిలో ఉంటుంది."

జుల్మా చెయ్యి దించేసింది.

బయట అరచెయ్యి తలుపు మీద నుంచి కిందికి జారిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. చాలాసేపటికి కుళాయి తిప్పిన చప్పుడైంది. నీళ్ళు పడుతున్నాయి. ఎవరూ కట్టలేదు. తెల్లవార్లూ నీళ్ళు పడుతూనే ఉన్నాయి. యోవానా నిద్రపోయింది. జుల్మా వింటూనే పడుకుంది.

ఉదయం ముందు గది కుర్రాళ్ళు చూశారు. తొట్టి పక్కన, తడి రాళ్ళ మీద, ఒక చెయ్యి కిందికి మడతపడి దోన్యా బెనీతా పడి ఉంది. శాలువా అంచుకి సన్నని మంచు పేరుకుంది.

సాంతా క్రూస్ నుంచి ఆమె మేనకోడలు అల్సీరా వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. సమాధి పనులయ్యాక గది గదికీ వచ్చి అడిగింది. "అత్త లెక్కలన్నీ నోటితోనే నడిపేది. మీ బాకీ ఏమైనా ఉందా అమ్మా?"

"లేదండీ. జులై దాకా కట్టేశాం," అంది యోవానా, తడుముకోకుండా.

జుల్మా నేల చూసింది.

తొమ్మిదో రోజు రాత్రి ఎనిమిదింటికి వాకిట్లో కర్ర చప్పుడైంది. టక్కు... ఈడుపు... టక్కు.

యోవానా అలవాటుగా ఎగిరి లైటు ఆర్పేసింది. ఆర్పాక గానీ తనేం చేసిందో ఆమెకి తట్టలేదు. చీకట్లో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. తలుపు సందులోంచి తడిసిన ఉన్ని వాసన వచ్చింది, దాని వెనకే కుళాయి కింది నాచు వాసన. మూడుసార్లు అరచేత్తో తట్టిన చప్పుడు. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు. పొద్దున్న చూస్తే కుళాయి బిగించే ఉంది, తొట్టి ఎండిపోయి ఉంది.

మిగతా గదుల్లో ఎవరూ ఏమీ వినలేదన్నారు.

వారానికోసారి వచ్చేది. తర్వాత మూడు రోజులకోసారి. సెప్టెంబరు నెలాఖరుకి జుల్మా ఒక సంగతి గమనించింది. మొదట్లో చప్పుడు భుజమంత ఎత్తులో వినబడేది. ఆ తర్వాత నడుమంత ఎత్తులో. ఇప్పుడు మోకాలి దగ్గర నుంచి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఆ చెయ్యి కిందికి దిగిపోతోంది.

అక్టోబరులో యోవానా మూటాముల్లె సర్దింది. మార్కెట్టు అవతల తన ఊరి పిల్ల ఒకతి ఖాళీ చేసిన గది దొరికింది. "నువ్వూ రావే. అక్కడ కిటికీ కూడా ఉంది," అంది. అంటూనే జుల్మా ముఖం చూడలేకపోయింది.

"ముందస్తు అద్దె ఎక్కడిది నాకు?"

"నేను కడతాలే."

"వద్దు. ఒక బాకీ చాలు."

గుమ్మం దాటుతూ యోవానా వెనక్కి తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. "ఆ రాత్రి నీ చెయ్యి పట్టుకుంది నేనేనే. నాకు తెలీదు, ఒట్టు. తాగిందనుకున్నాను."

"నాకు తెలుసు," అంది జుల్మా.

ఆ రెండు మాటల్లో ఏముందో యోవానాకి అర్థమైంది. మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

జుల్మా ఒక లాయరుగారి ఇంట్లో మంచాన పడ్డ తల్లికి సేవ చేసే పని చూసుకుంది. క్లాసులయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు పూర్తిగా. ఆ ముసలామెకు నోట్లో చెంచాతో అన్నం పెట్టేది. మధ్యాహ్నం భోజనం మానేసి రెండు రొట్టెలతో సరిపెట్టుకుంది. తెల్ల బూట్లు అమ్మేసింది. బీపీ మిషను మాత్రం అమ్మలేకపోయింది. అక్టోబరు ఆఖరుకి వెయ్యీ యాభై పోగయ్యాయి.

నవంబరు ఒకటిన, పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండగ రోజున, అల్సీరా తన అత్త గదిలో బల్ల పరిచింది. పోయినవాళ్ళకి మొదటి ఏడాది కదా, ఘనంగానే పెట్టింది. మనిషి ముఖాలు అద్దిన రొట్టెలు, చెరుకు గడలు, కొవ్వొత్తులు, వేరుశనగ సూపు. మధ్యాహ్నం పన్నెండు గంటల బెల్లు మోగగానే, "వచ్చింది మా అత్త. రేపు పన్నెండు దాకా మనతోనే," అని కళ్ళొత్తుకుంది. వచ్చినవాళ్ళంతా ప్రార్థన చేసి రొట్టెలు పట్టుకెళ్ళారు.

అందరూ వెళ్ళాక జుల్మా డబ్బు బల్ల మీద పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"బాకీ. మూడు నెలలది. అప్పుడు అబద్ధం చెప్పాం."

అల్సీరా ఆ నోట్లు తీసుకుంది. జుల్మా చెంప మీద చెయ్యి వేసి, "ఎంత చిక్కిపోయావే పిల్లా," అని ఒక రొట్టె చేతిలో పెట్టింది.

జుల్మా ఇంకో మాట చెప్పాలని నోరు తెరిచింది. చెప్పకుండానే రొట్టె పట్టుకుని బయటికి నడిచింది. డబ్బు ఇవ్వడమే తేలికైంది.

గదికి వచ్చి కూర్చుంది. బాకీ తీరిందిగా, ఇక రాదేమో అనుకుంది. గాలి లేదు. ఊరంతా కొవ్వొత్తుల వాసన.

ఎనిమిదైంది. కర్ర చప్పుడు లేదు.

తొమ్మిదైంది. జుల్మా లైటు తీసి పడుకుంది.

అప్పుడు వినబడింది. కర్ర కాదు. రాళ్ళ మీద గుడ్డ ఈడ్చుకొస్తున్న చప్పుడు. ఆగుతూ... మళ్ళీ మొదలవుతూ... తలుపు దాకా వచ్చింది. తట్టలేదు. తలుపు అడుగున, నేలకి ఆనుకుని... గోళ్ళు గీరుతున్నాయి.

ఉన్ని వాసన. నాచు వాసన.

జుల్మా దుప్పటి లాగి ముఖం మీద కప్పుకుంది. కప్పుకోగానే ఆ దుప్పట్లోనే, ఇదే మంచం మీద, నవ్వు ఆపుకుంటున్న యోవానా గుర్తొచ్చింది. దుప్పటి తీసేసింది. నేల మంచులా ఉంది. నాలుగడుగులు. గడియ తీసింది.

బయట చీకటి. ఎవరూ లేరు.

పాదాలకి ఏదో తగిలింది. చల్లగా, బరువుగా.

జుల్మా గడప మీద కూలబడింది. ఆ బరువు ఆమె ఒళ్ళోకి వచ్చింది. కళ్ళకి ఏమీ కనబడదు. చేతులకి మాత్రం తెలుస్తోంది... తడి శాలువా, దాని కింద చిన్న తల, పక్కకి పోయిన మూతి. భయంతో అరుద్దామనుకుంది. చేతులు మాత్రం వాటంతట అవే నేర్చుకున్న పని చేశాయి. తలని పక్కకి తిప్పాయి. మెడ కింద మోచెయ్యి పెట్టాయి. లేవని ఆ చేతిని రెండు చేతుల మధ్య రుద్దాయి.

"ఇక్కడే ఉన్నాను అమ్మమ్మా... ఇక్కడే ఉన్నాను... తెలిసి కూడా తీయలేదు... తెలిసే..."

ముద్దమాట ఏదో వినబడుతోంది. అదే మాట, పదే పదే. జుల్మా వంగి చెవి పెట్టింది. అద్దె కాదు. నీళ్ళు కాదు.

"లైటు... లైటు వెయ్యవే..."

ఎడం చేత్తో గోడ తడిమి మీట నొక్కింది. వెలుతురు పడింది. ఒళ్ళో ఎవరూ లేరు. స్కర్టు మాత్రం మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

జుల్మా తలుపు మూయలేదు, లైటు తీయలేదు. ఆ గడప మీదే కూర్చుని తెల్లవార్లూ ఏడ్చింది. ఆగస్టు నుంచి రాని ఏడుపు. ముందు గది కుర్రాడొకడు అర్ధరాత్రి దాటాక వచ్చి, ఆమెను చూసి, తన జాకెట్టు తెచ్చి భుజాల మీద కప్పి వెళ్ళాడు.

పొద్దున్న ఏడింటికి ముఖం కడుక్కుని, సమాధికి పూలు కొందామని మార్కెట్టుకి నడిచింది. ఒళ్ళు దూదిలా ఉంది. ఎన్నాళ్ళకో ఆకలేసింది. రొట్టెలమ్మే ఆవిడ దగ్గర గుంపులో యోవానా కనబడింది. చేతిలో వేడి రొట్టెల సంచి.

జుల్మా నవ్వుతూ వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

యోవానా వెనక్కి తిరిగింది. ముఖంలో రంగంతా దిగిపోయింది. సంచి జారి కిందపడింది.

"నువ్వు... ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడేనే. ఏమైంది?"

"నాకన్నా ముందెలా వచ్చావు? నేను లేచేసరికి నిద్రపోతున్నావుగా... లేపడమెందుకని రొట్టెలకి వచ్చాను..."

"ఎక్కడ?"

"నా గదిలో." యోవానా గొంతు సన్నబడిపోయింది. "రాత్రి తొమ్మిది దాటాక వచ్చావు. ఒళ్ళంతా తడిసిపోయి. ఏమైందే అంటే మాట్లాడలేదు. నా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నావు. నేను దుప్పటి కప్పాను... తెల్లవార్లూ నా చెయ్యి వదల్లేదు నువ్వు."

చుట్టూ జనం రొట్టెలు బేరమాడుతున్నారు. పన్నెండు కావడానికి ఇంకా అయిదు గంటలుంది.

"ఏమైనా అందా?" అని అడిగింది జుల్మా.

యోవానా ఆమె కళ్ళలోకి చూస్తూ తలూపింది.

"ఒక్కసారే. నిద్దట్లో. 'బాకీ తీరిందిలేవే, ఇక నేను ఇక్కడే ఉంటాను' అన్నావు."