ఒకే అంగడి చెప్పులు

సోమవారం ఉదయం ఎనిమిదిన్నర. పినాకినీ యూనివర్సిటీ హిస్టరీ డిపార్ట్‌మెంట్.

తాళం పగల్లేదు. కిటికీ ఊచలు వంగలేదు. బీరువాలోని ఎం.ఏ. మొదటి సెమిస్టర్ జవాబు పత్రాల కట్ట మాత్రం మాయమైంది.

ఎస్.ఐ. రామేశ్వరమ్మ గదంతా ఒకసారి కలియతిరిగింది. ఆమెది డోన్. పెద్ద చదువుల వాళ్లంటే ఆమెకు భయమూ లేదు, భక్తీ లేదు.

"కట్టని ఆఖరున చూసిందెవరు?"

"నేనే మేడమ్," అంది మూలన నిలబడ్డ అమ్మాయి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. పేరు కృపారాణి. అక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. "శనివారం సాయంత్రం దిద్దేది ఆపి, బీరువాలో పెట్టి, గదికి తాళమేసి పోయినా. నిన్న మధ్యాహ్నం వచ్చి చూస్తే లేదు."

"నువ్వు దిద్దేదేంది? సార్ కదా దిద్దాల్సింది?"

కృపారాణి ప్రొఫెసర్ వీరభద్ర వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"పేపర్లు నేనే దిద్దాను," అన్నాడాయన. "ఈ అమ్మాయికి వాటితో సంబంధం లేదు. నమ్మి గది తాళంచెవి ఇచ్చాను. అదే నా పొరపాటు."

కృపారాణి కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

చేరిన నాటి నుంచి ఆయన పాఠాలు చెప్పింది ఆమె. ఆయన పేపర్లు దిద్దింది ఆమె. ఆయన చేసింది సంతకం. ఆ డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చి స్కాలర్ల బతుకే అంత. అయినా ఆమె ఓర్చుకుంది. ఆ రోజు పదకొండింటికి టీచింగ్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఉన్నది ఒకటే పోస్టు. దొంగ అన్న పేరు పడితే పోస్టుతోపాటు పీహెచ్‌డీ కూడా గంగలో కలిసినట్టే.

"తాళంచెవులెన్ని?"

"రెండు," అన్నాడు ప్రొఫెసర్. "నాది నాతోపాటు కర్నూలు పెళ్లికి వచ్చింది. పొద్దున్నే దిగాను. రెండోది ఈమె దగ్గర."

రామేశ్వరమ్మ ఇంకో స్కాలర్ ప్రదీప్‌కుమార్ వైపు తిరిగింది. "నువ్వు నిన్న యాడుంటివి?"

"వేంపల్లెలో, మా అంగట్లో. ఇప్పుడే బస్సు దిగినా. నా మీద అనుమానం పెట్టుకోవద్దండి మేడమ్. ఆ పోస్టుకి నేను అప్లై కూడా చెయ్యలే. ఈయన కింద చాకిరీ నాకొద్దు."

ప్రొఫెసర్ మొహం మాడిపోయింది.

కృపారాణి భుజం చుట్టూ చెయ్యి వేసి నిలబడ్డ ఇంకొకామె కల్పించుకుంది. ప్రసన్నకుమారి. హాస్టల్లో కృపారాణి గదిలోనే ఉంటుంది. ఆమె కూడా ఇక్కడి స్కాలరే, వయసులో పెద్దది. ఇంటర్వ్యూకి ఆమె కూడా వెళ్లాలి. "నిన్న పొద్దున మేమిద్దరం చర్చిలో పక్కపక్కనే ఉన్నాం మేడమ్. సంస్కారం కూడా కలిసే తీసుకున్నాం. ఈ పిల్ల ఎట్ల వస్తాది ఈడికి?"

సంస్కారమంటే ఆరాధన చివర్లో అందరూ మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. తప్పు దాచుకుని దాన్ని ముట్టకూడదంటారు. కృపారాణి ఆమె భుజం మీద తల వాల్చింది.

రామేశ్వరమ్మ బయటికి వచ్చింది. వరండా మెట్టు మీద కొత్త సిమెంటు. దాని మీద ఒక చెప్పు గుర్తు.

"ఏమప్పా, ఈ మెట్టు ఎప్పుడు పూసినారు?"

"నిన్న పొద్దున మేడమ్," అన్నాడు అటెండర్ మద్దిలేటి. "తొమ్మిదికంతా మేస్త్రీ పని ముగించుకొని పోయినాడు. నేనూ ఇంటికి పోతి. ఈ ఎండకు గంట రెండు గంటల్లో రాయైపోతాది."

అంటే చర్చిలో ఆరాధన నడుస్తున్నప్పుడే ఎవరో ఈ మెట్టెక్కారు.

గుర్తులో మడమ దగ్గర అడ్డగీతలున్నాయి. టైరు ముక్క వేసి కుట్టిన చెప్పు.

"అందరూ చెప్పులిప్పి తిరగెయ్యండి."

కృపారాణి ఎడమ చెప్పుకు టైరు ముక్క ఉంది. దాని సందులో బూడిదరంగు సిమెంటు.

"చూశారా!" అన్నాడు ప్రొఫెసర్.

"నేను రాలే మేడమ్! దేవుని తోడు!" కృపారాణి ప్రసన్నకుమారిని పట్టుకుంది. "అక్కా, నువ్వన్నా చెప్పక్కా!"

ప్రసన్నకుమారి ఆమె భుజం మీది నుంచి చెయ్యి తీసేసింది.

"ప్రార్థనలో నేను కండ్లు మూసుకోనుంటి కృపా. మధ్యలో నువ్వు లేచిపోయింటే నాకేం తెలుస్తాది?"

కృపారాణి ఏడుపు అక్కడే ఆగిపోయింది. రామేశ్వరమ్మ ఆ చెప్పు పట్టుకుని మెట్ల పక్కన గట్టు మీద తీరిగ్గా కూర్చుంది.

"కృపా, చర్చిలోకి చెప్పులేసుకొని పోతారా?"

"లేదు మేడమ్. గుమ్మం బయటే విడుస్తాం."

"తాళంచెవి?"

"బ్యాగులో. బ్యాగు చాప మీద నా పక్కనే..."

"చెప్పులు బయట, నువ్వు లోపల. ఎవరో నీ చెప్పులేసుకొని ఈడికొచ్చినారు. నిన్ను ఇరికించాలని వేసుకోనింటే సిమెంటు అట్లే వదిలేసేవాళ్లు. చూడు, అంచులన్నీ శుభ్రంగా తుడిచినారు. సందులో ఉండేది మాత్రం పోలే. పక్కోళ్ల చెప్పులకు ఎవరన్నా అంత సేవ చేస్తారా? తనవే అనుకుంటే తుడుస్తారు."

ఆమె చూపు ప్రసన్నకుమారి ముందున్న జత మీద ఆగింది. అదే గోధుమరంగు పట్టీ. అదే ఇత్తడి బకిల్.

"రెండు జతలూ ఒకే అంగట్లో కొన్నారా?"

"క్రిస్మస్‌కి కొన్నాం మేడమ్, కడపలో," అంది కృపారాణి. "అక్కే ఏరి కొనిపెట్టింది. నాది అరిగితే మొన్న టైరు ముక్క కుట్టించినా. పైకి కనపడదు. ఇద్దరివీ ఒకే మాదిరి..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె మెల్లగా ప్రసన్నకుమారి వైపు తిరిగింది.

"హడావుడిలో ఏది ఎవరిదో చూసుకోలే," అంది రామేశ్వరమ్మ. "పక్కన కూర్చున్న మనిషే కాబట్టి తాళంచెవి తీసేదీ, మళ్లా పెట్టేదీ సులువు. ఆ నిలబెట్టిన స్కూటీ నీదే కదా ప్రసన్నా, తాళం ఇయ్యమ్మా."

స్కూటీ సీటు ఎత్తితే కట్ట అక్కడే ఉంది. ఆ ఉదయం కృపారాణి హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్‌కి వచ్చింది ఆ సీటు మీదే.

"యాడన్నా పారేద్దామంటే కుదర్లే," అంది ప్రసన్నకుమారి, నేల చూపులు చూస్తూ. "నిన్నటి నుంచి నన్ను వదిలితే కదా. నన్ను పట్టుకొనే ఏడుస్తాండె. ఆ పోస్టు నాకేనని సార్ శానా ఏండ్ల కిందటే మాటిచ్చినాడు. అది నమ్ముకొనే ఆయన క్లాసులన్నీ చెప్పినా. పోయిన వారం తెలిసింది, దీనికీ అదే మాట ఇచ్చినాడని."

ప్రొఫెసర్ వీరభద్ర గొంతు సవరించుకున్నాడు. "సరే, కట్ట దొరికింది. కృపా, మిగిలినవి సాయంత్రానికల్లా దిద్దెయ్యమ్మా."

"అన్నీ నేనే దిద్దినానంటిరి కదా సార్," అంది రామేశ్వరమ్మ. "ఇంకా మిగిలినాయా? ఈ పేపర్ల మీద ఉండేది ఎవరి చేతిరాతో రిజిస్ట్రార్ గారినే చూడమంటా."

ఆయన మళ్లీ ఫ్యాను కోసం పైకి చూశాడు. వరండాలో ఫ్యాను లేదు.

కృపారాణి ఇవేవీ వినడం లేదు.

"అక్కా, నిన్న ఫోనొచ్చిందని మధ్యలో లేచి ఈడికొచ్చి, కట్ట తీసుకొని, మళ్లా చర్చికి వస్తివి కదా?"

ప్రసన్నకుమారి తల ఊపింది.

"వచ్చి, నా పక్కనే మోకరిస్తివి. రొట్టె తీసుకుంటివా?"

ప్రసన్నకుమారి మొహం పక్కకు తిప్పుకుంది.

"చెప్పక్కా. తీసుకుంటివా?"

"తీసుకున్నా," అంది ప్రసన్నకుమారి. అప్పుడు ఏడ్చింది.

పదకొండు కావస్తోంది. రామేశ్వరమ్మ టైరు ముక్క కుట్టిన చెప్పుల్ని కవర్లో పెట్టించింది. "ఇవి సాక్ష్యం పాపా. మళ్లా ఇస్తాం. ఇంటర్వ్యూకి టైమైంది, నువ్వు పో."

ఎండ మండుతోంది. ఆఫీసు దాకా సిమెంటు బాట పెనంలా కాలుతోంది. ప్రసన్నకుమారి తన చెప్పుల్ని కాలితో ముందుకు నెట్టింది.

"ఇవి వేసుకొని పో కృపా. కాళ్లు కాల్తాయి."

కృపారాణి వాటిని దాటుకుని బాట మీదికి నడిచింది. ఒట్టి కాళ్లతోనే ఇంటర్వ్యూకి వెళ్లింది.